వేల్పూర్ నుంచి బోధన్‌కు, ఒక మోటారు సైకిలు కోసం

వేల్పూర్ నుంచి బోధన్ పోవాలంటే ఆ రోజుల్లో నాకు రెండు బస్సులు, ఒక రైలు. ఆర్మూర్ దాకా ఒక బస్సు, అక్కణ్ణించి నిజామాబాద్‌కు ఇంకోటి, ఆపైన బోధన్ పాసింజరు. నేను వేల్పూర్ హైస్కూల్లో లెక్కల సారును. నా భార్య సుగుణ బోధన్ సర్కారు దవాఖానాలో నర్సు. ఇద్దరం ఒకే జిల్లాలో ఉన్నాం కానీ ఒకే ఇంట్లో ఉండే వీలు ఎంతకీ కుదరలేదు. శనివారం ఒంటిపూట బడి కాగానే బయలుదేరి పోవడం, ఆదివారం సాయంత్రం తిరిగి రావడం, ఏళ్ళ తరబడి అదే నా జీవితం. పిల్లలు లేరు. మాకున్నది ఆదివారం ఒక్కటే. అందులోనూ సగం నా నిద్రకే పోయేది.

సొంతంగా మోటారు సైకిలు ఉంటే వారం నడుమ కూడా ఒక సాయంత్రం పోయి, పొద్దున బడి వేళకు తిరిగి రావచ్చని నా ఆలోచన. ఆర్మూర్‌లో మా తమ్ముడికి మెకానిక్ దుకాణం ఉంది. తోలడం అక్కడే నేర్చుకుని లైసెన్సు తీసుకున్నాను. కొత్త బండికి పేరు రాయించుకుని ఎదురు చూసే ఓపిక మాకు లేదు, అందుకని వాడిన బండ్లే చూడాలనుకున్నాం. అమ్మకానికి మూడు ఉన్నాయని తమ్ముడు కబురు పెట్టాడు. మా తమ్ముడు బండ్లను కంపెనీ పేర్లతో కాక అవి తయారైన ఊరి పేర్లతో పిలుస్తాడు. ఢిల్లీ బండి నిజామాబాద్‌లో ఉందట. మైసూరు బండి, మద్రాసు బండి బోధన్‌లో ఉన్నాయట.

చెరుకు గానుగాడే కాలం, చలి బాగా ఉంది. శనివారం మధ్యాహ్నం వేల్పూర్‌లో బస్సెక్కాను. పక్క సీట్లో ఒక ముసలమ్మ ఒళ్ళో కోడిని పెట్టుకుని కూర్చుంది.

"ఏడికి బిడ్డా?"

"బోధన్‌కు అవ్వా. మోటారు సైకిల్ చూడనీకి పోతున్న."

"ఫట్‌ఫటా? బస్సుల అయితే డ్రైవరు తోల్తడు, నువ్వు కునుకు తీస్తవు. గదైతే నువ్వే తోలాలె గద!"

ఆర్మూర్‌లో రెండో బస్సు ఆలస్యమైంది. నిలబడే నిజామాబాద్ చేరాను.

గంజ్‌లో పసుపు కొని అమ్మే ఆడ్తి దుకాణంలో గుమాస్తాగా పనిచేసే గంగారాంది ఆ ఢిల్లీ బండి. చిన్నది, తేలికైనది. ఒక్క తన్నుకే మొదలైంది. గంగారాంను వెనక కూర్చోబెట్టుకుని స్టేషన్ దాకా పోయి వచ్చాను. గంజ్ సందుల్లో హమాలీల బస్తాల మధ్య నుంచి సైకిలంత సులువుగా మెలికలు తిరిగింది. ఎత్తు వచ్చినప్పుడు మాత్రం ఇద్దరి బరువుతో నెమ్మదించింది.

దిగాక గంగారాంను అడిగాను, దీని మీద బోధన్ పోయి రావచ్చా అని. అతను అమ్ముకోవాల్సిన మనిషే, అయినా దాచలేదు.

"ఊర్లె తిరగనీకి గిది రాజా సారూ. గంత దూరం వారం వారం తోల్తె మాత్రం మీరూ అలుస్తరు, గిదీ అలుస్తది."

స్టేషన్ ముందర హోటల్లో రెండు పూరీలు తిని చాయ్ తాగి పాసింజరు ఎక్కాను. జానకంపేటలో రైలు చాలాసేపు ఆగింది. ఎదుటి బల్ల మీద చెరుకు రైతు ఒకాయన రుమాలు చెవులకు చుట్టుకుని కూర్చున్నాడు. నేను పోయే పని విని ఒక్క మాట చెప్పాడు.

"సీజన్ల బోధన్ దిక్కు ఫట్‌ఫటి మీద వస్తే జర పైలం సారూ. చెరుకు బండ్లు ఎదురైతే ఇంజన్ బంద్ చేసి పక్కకు నిలవడుండ్రి. ఎడ్లు బెదురుతయి."

బోధన్ దగ్గర పడుతుంటే చెరుకు మడ్డి వాసన రైలు పెట్టెలోకి వచ్చింది. అక్కడి చక్కెర ఫ్యాక్టరీ పొగగొట్టం నుంచి రాలే మసి సీజన్ అంతా ఊరి మీద పడుతూనే ఉంటుంది. ఆరేసిన తెల్ల చీరలను సుగుణ రోజూ మళ్ళీ దులుపుకోవాలి.

నేను గది చేరేసరికి ఆమె చేతిసంచి తగిలించుకుని గడప దాటుతోంది.

"నైట్ డ్యూటీ పడ్డది" అంది. "రొట్టెలు చేసి పెట్టిన. పప్పు పొయ్యి మీదున్నది, వెచ్చగ చేసుకోండ్రి."

"ఒక బండి చూసిన" అన్నాను.

"పొద్దుగాల చెప్పుండ్రి" అని రెండడుగులు వేసి ఆగింది. "మీరొస్తే నాకు డ్యూటీ. నేనొస్తే మీకు నిద్ర." కోపంగా అనలేదు. కోపంగా అంటేనే బాగుండేదేమో.

పొద్దున ఆమె వచ్చేసరికి నేను లేచి చాయ్ పెట్టి ఉంచాను. రాత్రంతా కాన్పులు, నడుం వాల్చలేదట. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. పడుకోమన్నాను. బండ్లు మరో వారం చూద్దామన్నాను.

"మరో వారం ఇంకోటి వస్తది. వెనక కూసునేది నేనే గద, నేను చూడకుంటే ఎట్ల? పోదాం పాండ్రి."

మైసూరు బండి బజార్లో ఒక బట్టల శేటుది. ఎర్రటి బండి, తుడిచి తుడిచి అద్దంలా ఉంచాడు. కిక్కూ గేరూ ఒకటే కడ్డీ. లోపలికి నొక్కి తిప్పితే కిక్కవుతుంది, మళ్ళీ ముందుకు తెస్తే గేరు. అది అలవాటయ్యేసరికి నాకు కొంతసేపు పట్టింది. ఇద్దరం ఎక్కి శక్కర్‌నగర్ బంగళాల వైపు పోయాం. ఉషారైన బండి. కొంచెం తిప్పితే చాలు, ముందుకు దూకుతుంది. నాకు నచ్చింది. నా వయసు పదేళ్ళు తగ్గినట్టయింది.

దిగాక సుగుణ ముఖం చూశాను. చీర కుచ్చిళ్ళు రెండు చేతులతో సర్దుకుంటోంది.

"మంచిగనే ఉన్నది. కానీ ఎన్క కూసుంటే గట్టిగ పట్టుకోనే ఉండాలె. నిజామాబాద్ దాకా గిట్లనే పట్టుకోవాలంటే నాతోని కాదు."

శేటుకు ఆమె మాట వినపడలేదు. సాయంత్రంలోగా ఏ మాటైనా చెప్పమన్నాడు, ఇంకొకరు కూడా అడుగుతున్నారని చెప్పాడు. నాకు ఆ ఎర్ర బండే మనసులో పడింది. సుగుణకు అలవాటైపోతుందిలే అనుకున్నాను. మూడోది చూడకుండానే మాట ఇచ్చేద్దామా అని కూడా అనిపించింది. ఆమె ఊరుకోలేదు.

మద్రాసు బండి పోశెట్టిది. ఫ్యాక్టరీలో చెరుకు ఎత్తే క్రేను తోలి, పని మానేసి ఇంటి దగ్గరే ఉంటున్నాడు. నల్లటి బండి. వాకిట్లో కట్టేసిన బర్రెలాగా నిలబడి ఉంది. ఏటేటా భార్యను ఎక్కించుకుని తుల్జాపూర్ జాతరకు పోయి వచ్చేవాడట.

"మోకాళ్ళు పట్టినయి సారూ. కిక్ కొడితే పానం పోతది. లేకుంటే అమ్ముదునా?"

కిక్ కొట్టడం నాకూ అంత సులువుగా రాలేదు. రెండుసార్లు ఎదురు తన్నింది. మూడోసారి అందుకుంది. అందుకున్నాక ఆ చప్పుడు వేరు. ఒక్కొక్క దెబ్బా విడివిడిగా, తొందర లేకుండా పడుతోంది. గేరు కుడికాలికి, బ్రేకు ఎడమకాలికి. స్టాండు తీసి నిలబెడితేనే నా నడుం గుంజింది.

"సాలూర రోడ్డు మీద కాల్వ దాకా పోయి మల్లుండ్రి" అన్నాడు పోశెట్టి. "గంతకంటె దూరం పోవద్దు. దాన్ని గంతసేపు ఇడిసి ఉండుడు నాకు అలవాటు లేదు."

ఊరు దాటాం. రెండు వైపులా చెరుకు. రోడ్డు సగం తారు, సగం గుంతలు. బండి గుంతల్లో కూడా తొణక్కుండా, ఒక పెద్ద మనిషి నడిచినట్టు పోతోంది. "ఎట్లున్నది?" అని అడిగాను. సుగుణ పలకలేదు. ఇంజను చప్పుడులో వినపడలేదేమో అనుకున్నాను. కొద్దిసేపటికి నా వీపు మీద బరువు ఆనింది. ఆమె తల. నా నడుం చుట్టూ ఉన్న చేతులు మెల్లగా వదులవుతున్నాయి.

వెంటనే ఎడమచేత్తో ఆమె రెండు చేతులూ కలిపి నా పొట్టకు అదిమి పట్టుకున్నాను. బండిని మెల్లగా, నడక కంటే కొంచెం ఎక్కువగా, ఒకే తీరున పోనిచ్చాను. ఆపుదామనుకున్నాను. ఆపితే లేస్తుంది. లేస్తే మళ్ళీ ఎప్పుడు నిద్రపోతుందో తెలియదు, సాయంత్రం నేను పోవాలి, రాత్రికి ఆమెకు మళ్ళీ డ్యూటీ ఉండొచ్చు.

కాల్వ వంతెన వచ్చింది. మలపలేదు. దాటి ముందుకే పోయాను. ఆమె ఊపిరి నా చొక్కా గుండా వెచ్చగా తెలుస్తోంది. ఇన్నేళ్ళలో ఆదివారం పూట నేనే నిద్రపోతుంటే ఆమె చూసింది. ఆమె నిద్రను నేను ఎప్పుడూ చూడలేదు. ఇప్పుడూ చూడటం లేదు, వీపు మీద మోస్తున్నాను.

అంతలో ఎదురుగా చెరుకు బండ్లు వచ్చాయి. ఒకదాని వెనక ఒకటి, రోడ్డు మలుపు దాకా. రైల్లో రైతు చెప్పిన మాట గుర్తొచ్చి పక్కకు తీసి ఇంజను ఆపాను. ఆ నిశ్శబ్దానికి తప్పకుండా లేస్తుందనుకున్నాను. లేవలేదు.

ఇక అప్పుడు తెలిసింది ఆ బండి బరువెంతో. రెండు కాళ్ళూ నేలకు ఆనించి, ఒక చేత్తో హ్యాండిలు, ఇంకో చేత్తో ఆమె చేతులు పట్టుకుని నిలబడ్డాను. ముందు పిక్కలు నొప్పి పెట్టాయి, తరువాత తొడలు వణకడం మొదలైంది. బండ్లు ఎంతకూ తరగవు. మొదటి బండి మనిషి మమ్మల్ని చూసి ఎడ్లను నెమ్మది చేశాడు.

"ఏందన్నా, ఆగిందా? నూకాల్నా?"

వద్దన్నట్టు తల ఊపాను.

"అక్కకు పానం మంచిగ లేదా?"

"నిద్ర" అన్నాను గొంతు తగ్గించి.

అతను నా వైపు, ఆమె వైపు చూసి, ఎడ్లను అదిలించడం మాని పగ్గాలతోనే నడిపించుకుంటూ పోయాడు. వెనక వచ్చేవాళ్ళు మమ్మల్ని వింతగా చూస్తూ పోయారు. ఒకడు నవ్వాడు. నాకు సిగ్గనిపించలేదు, సిగ్గుపడే ఓపిక కూడా లేదు.

కొసన ఉన్న బండ్లు ఇంకా పోతుండగానే పోశెట్టి వచ్చాడు. ఎవరి సైకిలు వెనకో కూర్చుని వచ్చి, దిగి కుంటుకుంటూ మా వైపు ఉరికినట్టే నడిచాడు. ముఖం కోపంతో కందిపోయి ఉంది.

"కాల్వ దాకనే అంటి గద సారూ! బండి తీస్కొని సాలూర దాటి మహారాష్ట్ర పోయిండ్రనుకున్న..."

నేను కళ్ళతోనే వెనక్కి చూపించాను. పోశెట్టి ఆమెను చూశాడు. నా కాళ్ళు వణకడం చూశాడు. బండి ముందుకు వచ్చి నిలబడి, రెండు చేతులా హ్యాండిలు పట్టుకుని బరువు తన మీదికి తీసుకున్నాడు.

"కాళ్ళు సాపుకోండ్రి" అన్నాడు గుసగుసగా. "ఒకటొకటిగ."

అలా ముగ్గురం, అందులో ఒకరు నిద్రలో, చెరుకు తోట పక్కన ఎంతసేపున్నామో. పోశెట్టి ఒకసారి మాత్రం మాట్లాడాడు. "నర్సమ్మనే గద? మా కోడలి కాన్పు గీ అమ్మనే చేసింది. గప్పుడు గూడ రెండు దినాలు నిద్రలేనట్టె ఉండె."

ఫ్యాక్టరీ కూత వినపడింది. సుగుణ తలెత్తింది.

"కాల్వ వచ్చిందా?" అంది.

నేను నవ్వబోయాను, కానీ కళ్ళు తడిసి నవ్వు రాలేదు. ఆమె దిగింది. నేను దిగబోతే మోకాళ్ళు మడతపడి రోడ్డు పక్కన కూలబడ్డాను. పోశెట్టి బండికి స్టాండు వేసి వచ్చి పక్కన కూర్చున్నాడు. జరిగింది అతనే చెప్పాడు. సుగుణ విని నాకు ఇంకో పక్కన వచ్చి కూర్చుంది.

"లేపొద్దా నన్ను?" అంది.

"లేపబుద్ధి కాలేదు."

"ఇంత బరువు మీతోని మోయనైతదా మరి?"

"అయింది గద" అన్నాను.

ఎర్ర బండి సంగతి మళ్ళీ ఎత్తలేదు. శేటుకు వద్దని కబురు చేశాం. పోశెట్టి, కాగితాలు మారాక పై ఆదివారం వచ్చి నల్ల బండిని తీసుకుపొమ్మన్నాడు. ఆ సాయంత్రం పాసింజర్లో నడవలేక నడవలేక ఎక్కాను. పక్కనున్న ఫ్యాక్టరీ గుమాస్తా బండ్ల మీద ఇష్టం ఉన్నవాడు, నేను చూసి వచ్చిన సంగతి విని మూడింట్లో ఏది మంచిదని అడిగాడు. ఊరి సందుల్లో తిరిగేవాళ్ళు ఢిల్లీది, ఒంటరిగా ఉషారుగా పోయేవాళ్ళు మైసూరుది తీసుకోవచ్చని చెప్పాను. "మరి మద్రాసుది?" అన్నాడు. వెనక ఒక మనిషి ఉన్నవాళ్ళకని చెప్పాను. అంతకంటే వివరంగా చెప్పడం చేతకాలేదు.

బండి వచ్చాక మొదటి బుధవారం బడి విడవగానే బయలుదేరాను. చీకటి పడుతుండగా బోధన్ చేరాను. చలికి వేళ్ళు బిగుసుకుపోయాయి, ఒళ్ళంతా దుమ్ము. అలసట ఏమీ తగ్గలేదు, బస్సుల్లో కంటే ఎక్కువే. సుగుణ తలుపు తీసి వేడినీళ్ళు పెట్టింది. ఇద్దరం తిన్నాం. వారమంతా కూడబెట్టుకున్న మాటలు ఆదివారమే చెప్పుకునే అలవాటు మాకు. ఆ బుధవారం చెప్పుకోవడానికి ఒక్క మాటా తోచలేదు. ఊరికే పక్కపక్కన కూర్చున్నాం. ఆమె చీర మీది మసి దులుపుకుంటోంది, నేను చేతులు కాచుకుంటున్నాను. అలా ఊరికే కూర్చోవడం కోసమే ఇంత దూరం వచ్చానని అప్పుడు అర్థమైంది.

గురువారం తెల్లవారుజామునే తిరుగు దారి పట్టాను. జానకంపేట దాటేసరికి తూరుపు తెల్లబడింది. నిజామాబాద్‌లో చాయ్ తాగి, ఆర్మూర్ మీదుగా వేల్పూర్ చేరేసరికి బడి గంట కొడుతున్నారు. కాళ్ళూ నడుమూ నావి కానట్టున్నాయి. బల్ల పట్టుకుని నిలబడి పాఠం మొదలుపెట్టాను.