పురుగుల సావుకారు పేరిట ఒక తోట

పెదనాన్న పోయారని ఆయన కొడుకు, మా అన్నయ్య, ఫోను చేసేడు. ఏడ్చి తేరుకున్నాక నాకు మొదట పుట్టిన బెంగ ఒకటే: ఇక ఆ గని తుప్పల్ని ఎవరు చూస్తారు?

రాయగడలో మాది హోల్‌సేలు కిరాణా. ఊరవతల మాంగనీసు తవ్వి వదిలేసిన గని ఉంది. మొదట్లో అక్కడ గడ్డిపోచ కూడా మొలిచేది కాదు. ఎవరూ విత్తకుండానే గరికొచ్చింది, తర్వాత తుప్పలు, వాటి వెనకాల పురుగులు. కొట్లో బెల్లం దిమ్మలకి చుట్టొచ్చిన ఆకుల్ని పెదనాన్న పారెయ్యనిచ్చేవారు కాదు. ఆదివారం వాటిని పట్టుకెళ్లి గని రాళ్ల మీద పరిచి, గొడుగేసుకుని కూర్చునేవారు. అంటుకున్న తీపికి సీతాకోకచిలుకలు, కందిరీగలు, పెంకుపురుగులు, నేనెన్నడూ చూడని పచ్చటి ఈగలు వచ్చి వాలేవి.

"అమ్మీ, ఇయ్యాల కొత్త బేరమొచ్చింది సూడు!" అని గుసగుసగా పిలిచేవారు. కొట్టుకొచ్చిన బేరానికి కూడా అంత మర్యాద చేసి ఎరగరు మహానుభావుడు! బజార్లో ఒడియావాళ్లు "పోకొ సావుకారు" అని ఏడిపించేవారు, పురుగుల సావుకారని. నవ్వేసేవారు. కదలకుండా కూర్చుని చూడ్డం నాకు అలవాటైందంటే అది ఆయన పెట్టిన భిక్షే.

అక్కడ బోసినేల మీద అడుగెయ్యనిచ్చేవారు కాదు. కన్నాలు తవ్వుకుని బతికే తేనెటీగలుంటాయి మరి. ఓసారి వర్తక సంఘం వాళ్లొచ్చి, "ఇదంతా చదును చేసి మొక్కలు నాటిద్దాం సావుకారూ" అన్నారు.

"ఏటీ సెయ్యకండి బాబూ. ఏటీ సెయ్యకపోబట్టే ఇలాగొచ్చింది," అన్నారు పెదనాన్న.

అందరూ తలూపేరు. "నేనుండగా దీని జోలికి ఎవర్నీ రానివ్వను నాన్నా," అని అన్నయ్య మాటిచ్చేడు. నా ఎదుటే ఇచ్చేడు.

పెదనాన్న పోయిన పన్నెండో రోజు నన్నక్కడికి తీసుకెళ్లేరు. జేసీబీ తుప్పలన్నీ గీకేసింది. నల్లటి నేల, వరసగా గుంతలు, పక్కన నీలగిరి మొక్కలు, ముందు పెదనాన్న పేరుతో పెద్ద ఆర్చి.

"ఇదేటన్నయ్యా?"

"నాన్న పేరు నిలబడాలి కదమ్మీ. ఆ తుప్పల్లో ఏటుంది?"

పరాయివాడైతే నాలుగు తిట్టి పోదును. కన్నకొడుకు, అదీ దణ్ణం పెట్టి మరీ గొంతు కోసేడు. ఆ సంఘం పెద్దలు చప్పట్లు కొట్టేరు. నాకు ఒళ్లు మండిపోయింది. ఇప్పటికీ మండుతూనే ఉంది.

కుర్చీలో పెదనాన్న ఫొటో పెట్టి బంతిపూల దండేసేరు. ఆ నేల మొత్తానికి పువ్వంటే అదొక్కటే మిగిలింది. ఎక్కణ్ణుంచొచ్చేయో తేనెటీగలు, రెండు పసుపు సీతాకోకచిలుకలు ఆ దండ మీద మూగేయి. అన్నయ్య భుజమ్మీది తువ్వాలు తీసి, "ఛీ, పురుగులు," అని వాటిని తోలడం మొదలెట్టేడు.