జెల్ల ముల్లు విరవకుండా

బడి మానేశాక నేను పెద్దగా ఏమీ రాయలేదు. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు. అందుకని ముందు చేప సంగతి చెప్తాను.

మా కోడలు కాపురానికి వచ్చినప్పుడు బట్టల పెట్టెలతో పాటు ఒక గాజు తొట్టి కూడా వచ్చింది. అందులో ఒకే ఒక్క చేప. వాళ్ళది గోదావరి వైపు. వాళ్ళ నాన్న స్టీల్ ప్లాంటులో పనిచేసేవాడు. తల్లి లేని పిల్ల, క్వార్టర్సులో ఒక్కతే ఉంటుందని వన్ టౌన్‌లో కొని తెచ్చాడట. అప్పుడు వేలంత ఉండేదట. మా ఇంటికి వచ్చేసరికి నా మోచేతంత అయింది. నల్లటి ఒళ్ళు, పొడుగు మీసాలు, వీపు మీద ఒక ముల్లు, పక్కలకి చెరో ముల్లు. కోడలు దాన్ని క్యాట్‌ఫిష్ అంటుంది. నాకు మాత్రం జెల్లే.

నేను హార్బరు దగ్గర బజారులో చేపలు కోస్తాను. జెల్ల చేతికి వస్తే ముందు ముళ్ళు విరిచేయాలి. గుచ్చుకుందంటే చెయ్యి వాచి సాయంత్రం దాకా మంట. ముల్లు మొదట్లో బొటనవేలు ఆనించి వెనక్కి విరిస్తే టక్‌మంటుంది. అందులో ఆలోచించేది ఏమీ ఉండదు, చెయ్యే చేసుకుపోతుంది.

కోడలికి ఆ సంగతి తెలుసు. నేను బజారు నుంచి రాగానే "మంచినీళ్ళు ఇమ్మంటారా అండి" అని అడిగేది, కానీ కళ్ళు నా చేతుల మీదే ఉండేవి. గ్లాసు నా చేతికి ఇవ్వకుండా బల్ల మీద పెట్టి వెళ్ళిపోయేది. చేపతో మాత్రం ఎంతసేపైనా మాట్లాడేది. పిల్ల మంచిదే. నన్ను చూసి ఇలా బెదురుతూ ఉంటే ఇది తన ఇల్లని ఎప్పటికి అనుకుంటుందా అని నాకు దిగులుగా ఉండేది.

ఒక మధ్యాహ్నం ఇంటికి వచ్చేసరికి ముందుగదిలో నీళ్ళు. తొట్టి మూల పగిలి కారిపోతోంది. కోడలు పగులుకి తువ్వాలు అదిమిపెట్టి ఏడుస్తోంది. మావాడు పోర్టులో డ్యూటీలో ఉన్నాడు, ఫోను ఎత్తడం లేదు.

"ఏడవకే. సేప తియ్యడం ఏటి పెద్ద పనా? బట్టల టబ్బులో బేగి నీల్లు పట్టు" అన్నాను.

"కుళాయి నీళ్ళొద్దండి అత్తయ్యా. అందులో మందుంటుందండి, పడదు దానికి. ఈ నీళ్ళే తోడదామండి."

పగులుకి తువ్వాలు కుక్కి, చేప మునిగేంత నీళ్ళు ఉంచి, మిగతావి మగ్గుతో తోడి టబ్బు నింపాం. తొట్టితో వచ్చిన చిన్న చేతివల గోడకి వేలాడుతుంటే తీసుకున్నాను.

"జాగ్రత్తండి."

"నా బతుకంతా సేపలతోనే గదే" అంటూ వల ముంచాను.

అదే తప్పయింది. చేప భయపడి మూడు ముళ్ళూ నిలబెట్టేసింది. అవి వల కన్నాల్లో దిగిపోయాయి. పైకెత్తబోతే గిలగిల్లాడింది, ఇంకా చుట్టుకుంది.

"లాగకండి అత్తయ్యా! లాగకండి!"

వలతోనే మళ్ళీ నీళ్ళలోకి దించాను. ఎలా విడదీయాలో చూద్దామని చెయ్యి పెట్టాను. చూడటానికే పెట్టాను. కానీ బొటనవేలు తనంతట తనే వెళ్ళి వీపు ముల్లు మొదట్లో ఆనింది.

కోడలు రెండు చేతులతో నా మణికట్టు పట్టేసుకుంది. గోళ్ళు దిగిపోయేలా పట్టుకుంది. అప్పుడు నా వేలు ఎక్కడుందో నేను చూసుకున్నాను. వేలు తీసేశాను.

"ఇది ఇరిగితే ఏటౌద్దే?" అని మెల్లిగా అడిగాను. నిజంగానే నాకు తెలియదు. ముల్లు విరిగిన జెల్ల తర్వాత బతకడం నేనెప్పుడూ చూడలేదు.

"దెబ్బ పుండవుద్దండి. బతకదేమోనండి."

"అయితే కత్తెర పట్టుకురా."

తను వల కాడ నీళ్ళలోనే కదలకుండా పట్టుకుంది. నేను ముల్లుకి తగలకుండా ఒక్కో దారం కత్తిరించాను. కోసే పని నాకు కొత్త కాదు గానీ, ఇంత భయపడుతూ ఎప్పుడూ కోయలేదు. ఆఖరి దారం తెగగానే చేప జారిపోయి మూలకి చేరింది. ముళ్ళు మూడూ ఉన్నాయి.

ఈసారి ఉపాయం కోడలిదే. బియ్యం పోసుకునే ప్లాస్టిక్ డబ్బా ఖాళీ చేసి తెచ్చింది. చుట్టూ ఇంకో తువ్వాలు కట్టింది. లోపల చీకటిగా ఉంటే దాక్కునే చోటు అనుకుంటుందట. డబ్బాని తొట్టి అడుగున పడుకోబెట్టి, చేప వెనక గరిటె కాడ అలా అలా ఆడించాం. కాసేపు మీసాలతో తడిమి చూసి తనే లోపలికి దూరింది. నీళ్ళలోనే మూత పెట్టేశాం.

నీళ్ళతో సహా ఇద్దరం ఎత్తాం. చాలా బరువు. నేల తడి.

"మెల్లిగండి, కాలు జారుద్ది."

"నా కాలు సంగతి నాకొగ్గీ. నువ్వు నీ సేపని సూసుకో."

"మీరు జారితే విరిగేది చేప ముల్లు కాదండి, మీ నడుం."

నేను ఆగిపోయాను. ఆ పిల్ల నన్ను ఎకసెక్కం ఆడటం అదే మొదలు. అన్నాక తనే నాలిక కరుచుకుంది.

"ఓసి గుంటా! నోరుందే నీకు!" అన్నాను. నవ్వు ఆగక డబ్బా ఊగింది. "ఊపకండత్తయ్యా" అని మళ్ళీ కసిరింది.

టబ్బులో డబ్బా ముంచి మూత తీశాం. చేప చాలాసేపటికి బయటికి వచ్చింది. నిలబెట్టిన ముళ్ళు మెల్లగా ఒంటికి ఆనించుకుంది.

మావాడు డ్యూటీ దిగి వచ్చి టబ్బులోకి తొంగి చూశాడు. "ఏటమ్మా, రాత్రికి జెల్ల పులుసా?"

"నోర్ముయ్ రా" అని నేను, "ఛీ, ఊరుకోండి" అని తను, ఇద్దరం ఒక్కసారే అరిచాం. వాడు నన్నూ తననూ మార్చి మార్చి చూసి, "నానేటన్నాను?" అంటూ కాళ్ళు కడుక్కోవడానికి పోయాడు.

మర్నాడు నేను బజారు నుంచి రాగానే కోడలు మేత తెచ్చి నా అరచేతిలో పోసింది. "నీళ్ళలో పెట్టండి. కదపకండి" అంది. పెట్టాను. చేప వచ్చి ముందు మీసాలతో నా చెయ్యంతా తడిమింది. బజారులో ఐసులో వచ్చే జెల్లల మీసాలు ఒంటికి అతుక్కుపోయి ఉంటాయి. అవి ఇంత మెత్తగా ఉంటాయని నాకు తెలియదు.

"ఎందుకండి నవ్వుతున్నారు?" అంది కోడలు.

"సక్కిలిగింతలెడతందే" అన్నాను.