చెంచయ్య మామకు గొంతు నొప్పి

మా చెంచయ్య మామకు ఉన్నది ఒక్కటే అలవాటు. ఊళ్లో ఎవరు ఆస్పత్రికి బయలుదేరినా పిలవకుండా వెంట వస్తాడు. పెళ్లికి పిలవలేదని అలిగేవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. ఆస్పత్రికి చెప్పకుండా పోయారని నెల రోజులు మాట్లాడని మనిషి నాకు తెలిసి ఈయనొక్కడే.

మామ అంటే నా భర్త మహేష్‌కు పెదనాయన. వయసు అరవై ఎనిమిది. బేస్తవారిపేట పక్కన మా ఊళ్లో నాలుగెకరాల మెట్ట పొలం ఉంది. వాన పడితే వ్యవసాయం చేస్తాడు, పడకపోతే ఆస్పత్రులు తిరుగుతాడు. మా వైపు వానల సంగతి తెలిసినవాళ్లకు ఆయన జీవితంలో ఏ పని ఎక్కువ చేశాడో విడిగా చెప్పక్కర్లేదు. గిద్దలూరులో ఏ డాక్టరు ఎన్నింటికి వస్తాడో, మార్కాపురంలో ఏ ఆస్పత్రి బెంచీకి కాలు ఊగుతుందో, ఒంగోలులో లిఫ్టు ఎక్కడ ఆగిపోతుందో ఆయన నోటికి చెబుతాడు.

వెంట రావడంతో ఆగితే గొడవే లేదు. డాక్టరు ఏదైనా అడిగితే రోగి నోరు తెరిచేలోపే జవాబు చెప్పేస్తాడు. అదైనా "ఆయనకు నొప్పి", "ఈమెకు జ్వరం" అని చెప్పడు. "మాకు" అంటాడు. మా ఊరి జాకబ్ భార్య ఏసమ్మను కాన్పుల డాక్టరుకు చూపించడానికి వెళ్లిన రోజు, గదిలోకి అడుగు పెడుతూనే మొదలుపెట్టాడట.

"మాకు ఏడో నెల నడస్తా ఉండాది డాక్టరమ్మా. పాదాలు నీరు పట్టినాయి. పక్కకు తిరిగి పడుకోలేకపోతా ఉండాము."

డాక్టరమ్మ ఒకసారి ఆయన మీసాల వంక, ఒకసారి ఏసమ్మ వంక చూసి, ఎవరిని మంచం మీద పడుకోమనాలో తేల్చుకోవడానికి కాస్త సమయం తీసుకుందని జాకబ్ ఇప్పటికీ చెబుతాడు.

గంగయ్య కళ్ల పరీక్ష ఇంకా ఘోరం. గోడ మీది అక్షరాలు చదవమంటే గంగయ్యకు గోడే కనిపించలేదు. పక్కనే నిలబడ్డ మామ, ఎన్నో కళ్ల పరీక్షలకు వెంట వెళ్లిన అనుభవంతో, ఆ బోర్డంతా పైనుంచి కింది దాకా గడగడా అప్పజెప్పాడు. చీకటి గదిలో అది ఎవరి గొంతో గమనించని, పరీక్ష చేసే కుర్రాడు చూపు దివ్యంగా ఉందని రాసిచ్చాడు. అంత దివ్యమైన చూపుతో గంగయ్య తిరిగొచ్చి, తన ఇంటి గడపనే తన్నుకుని బొక్కబోర్లా పడ్డాడు.

ఇలాంటి మనిషి మా ఇంటి కష్టంలోకి కూడా వచ్చాడు. రాకుండా ఎలా ఉంటాడు?

మా పాప దర్శినికి అప్పుడు ఎనిమిదేళ్లు. నేను బేస్తవారిపేటలో ఒక ప్రైవేటు కాలేజీలో కామర్స్ చెబుతాను, మహేష్ కరెంటు లైన్‌మన్. ఇద్దరం పొద్దున పోతే సాయంత్రానికి వస్తాం. ఆ మధ్యలో పాపను చూసుకునేది మామ, ఆయన భార్య మా పెద్దత్త వెంకటసుబ్బులమ్మ.

కిందటేడు వినాయక చవితి దాటిన తర్వాత పాప కళ్లు టపటపా కొట్టడం మొదలుపెట్టింది. కొన్నాళ్లకు తగ్గింది, మేమూ మర్చిపోయాం. కార్తీకంలో మళ్లీ వచ్చింది. ఈసారి కళ్లతో పాటు కుడి భుజం ఎగరేయడం, గొంతులోంచి నిమిషానికోసారి "హుం" అని శబ్దం. పది రోజులు తిరిగేసరికి చేతులు కడిగిందే కడగడం. కంచంలో అన్నం ఎవరైనా తాకారేమోనని తినేది కాదు. నన్ను కూడా ముట్టుకోనిచ్చేది కాదు. నిన్నటిదాకా వీధంతా తిరిగిన పిల్ల, గడప దాటమంటే వణికిపోయేది. "నేను చేయట్లేదమ్మా, అదే వస్తా ఉంది" అని ఒకరోజు ఏడ్చింది. ఎం.కాం. చదివిన తల్లిని కదా, "కాస్త ఆపుకోరాదా" అని సలహా ఇచ్చాను.

ఊరు మాత్రం మమ్మల్ని ఒంటరిగా వదల్లేదు. దిష్టి అన్నవాళ్లున్నారు, గాలి సోకిందన్నవాళ్లున్నారు, ఫోను వల్లే అని ఫోనులోంచి తల ఎత్తకుండా చెప్పినవాళ్లున్నారు. బడిలో టీచరు, శబ్దాలు చేసి క్లాసు పాడు చేస్తోందని పాపను వెనక బెంచీలో కూర్చోబెట్టింది.

మేం డాక్టర్ల దగ్గరికి బయలుదేరాం. మామ కూడా బయలుదేరాడు.

మొదటి కంటి డాక్టరు కళ్లద్దాలు రాశాడు. భుజానికి ఏ అద్దాలు పెట్టాలో చెప్పలేదు. రెండో డాక్టరు అంతా విని, పిల్ల గారాబం కోసం చేస్తోంది, పట్టించుకోకండి, అదే పోతుందన్నాడు. వారం రోజులు పట్టించుకోకుండా ఉన్నాం. పాపం, అది మమ్మల్ని వదలకుండా పట్టించుకుంది. మూడో ఆయన దూరాన పెద్ద ఊళ్లో మెదడు డాక్టరు. స్కానింగ్ శుభ్రంగా ఉందని సంతోషపడి, ఎందుకైనా మంచిదని మందు రాశాడు. దాంతో పాప కళ్లు కొట్టడం తగ్గింది, ఎందుకంటే కళ్లు తెరవడమే తగ్గింది. పొద్దస్తమానం నిద్ర.

ముగ్గురి దగ్గరా మామ ఒకే పాట మొదలుపెట్టాడు. "మాకు మొదాల గొంతు నొప్పి వచ్చినాది సార్..." అని. మొదటి డాక్టరు చెయ్యెత్తి ఆపాడు. రెండో ఆయన, పెద్దాయనా మీరు బయట కూర్చోండి అన్నాడు. మూడో చోట ఆ శ్రమ డాక్టరుకు లేకుండా నేనే చూసుకున్నాను. కళ్ల జబ్బుకు వచ్చి గొంతు గోల ఏంది మామా, నోరు మూసుకోరాదా అని అందరి ముందూ విసుక్కున్నాను. ఆయన సరేనమ్మా అని బయటికి వెళ్లి, కిటికీ అవతల నిలబడి పాపను నవ్వించడానికి మీసాలు తిప్పుతూ ఉండిపోయాడు.

నాలుగోసారి మార్కాపురంలో పిల్లల డాక్టరు దగ్గరికి వెళ్లాం. పేరు భారతి, చిన్న వయసు. అంత చిన్నపిల్లకు ఏం తెలుస్తుందిలే అనుకుంటూనే వెళ్లాను. అప్పటికి అన్నీ తెలిసిన పెద్దవాళ్లను ముగ్గుర్ని చూసి ఉన్నాం కదా. ఆమె, ఇది ఎప్పటి నుంచీ అని అడిగింది. నేను గొంతు సవరించుకునేలోపే మామ అందుకున్నాడు. మహేష్ ఆయన కాలు తొక్కాడు. డాక్టరమ్మ అది చూసింది.

"ఆయన్ను చెప్పనివ్వండి" అంది.

నలభై ఏళ్ల ఆస్పత్రుల జీవితంలో మామకు ఆ మాట ఎవరూ అని ఉండరు. ఆయన ఒకసారి మహేష్ వంక చూసి, కాలు వెనక్కి లాక్కున్నాడు. తర్వాత నిదానంగా చెప్పాడు.

"చవితి అయిన నాలుగో దినం మాకు గొంతు నొప్పమ్మా. మింగడానికి లేదు, జరం. వీళ్లు డ్యూటీలకు పోయినారు. నేనే మా ఊరి ఆరెంపీ కాడికి ఎత్తుకోని పోయినా. ఐదు దినాలు ఏయమని మాత్తర్లు ఇచ్చినాడు. రెండు దినాలకే జరం దిగింది, చేదుగా ఉండాదని పాప కక్కుకుంటా ఉంటే నేనే ఆపేసినా. అది నా తప్పే. పన్నెండు దినాలకు కళ్లు కొట్టడం వచ్చినాది. దసరాకు పోయింది. మళ్లా కార్తీకం రెండో సోమవారం గొంతు నొప్పి. ఈసారి పది దినాలకే భుజం ఎగరడం."

 డాక్టరమ్మ అంతా రాసుకుంటూనే ఉంది. ఇంకా ఏం గుర్తున్నాయని అడిగింది. చేతులు కడగడం ఏ రోజు మొదలైందో, అన్నం ఏ పూట మానేసిందో, అన్నీ చెప్పాడు. ఆ రెండు గొంతు నొప్పులూ నాకు అస్సలు గుర్తు లేవు. సాయంత్రం ఇంటికొచ్చేసరికి జ్వరం దిగి ఉండేది, నేను కాలేజీ పేపర్లు దిద్దుకుంటూ ఊఁ కొట్టి ఉంటాను.

అప్పుడామె మాకు వివరంగా చెప్పింది. కొందరు పిల్లల్లో ఒక రకం గొంతు ఇన్‌ఫెక్షన్ వచ్చాక, దాంతో పోరాడాల్సిన ఒంటి బలం పొరపాటున మెదడునే ఇబ్బంది పెడుతుందట. ఉన్నట్టుండి ఇలాంటి కదలికలు, భయాలు వస్తాయట. కళ్లు కొట్టే ప్రతి పిల్లకూ ఇదే కారణం కాదనీ, డాక్టర్లలోనే దీని మీద ఏకాభిప్రాయం లేదనీ కూడా దాచకుండా చెప్పింది. ముందు గొంతులో పుల్లతో తుడిచి పరీక్ష, రక్తం పరీక్ష చేద్దామంది. అనుమానం ఉన్న జబ్బు పేరు పాండాస్ అంది. మామ దాన్ని శ్రద్ధగా విని, మా ఊరు చేరేసరికి పాండవుల జబ్బుగా మార్చాడు. మిగతా నలుగురు ఎవరని రెండు రోజులు మా ఇంటికి మనుషులు వచ్చి అడిగి వెళ్లారు.

కానీ పరీక్ష అంత సులభంగా జరగలేదు. ఎవరు తాకినా వణికే పిల్ల, నోట్లో పుల్ల పెట్టనిస్తుందా? పళ్లు బిగించి గోడకు అతుక్కుపోయింది. బతిమాలాను, బెదిరించాను. మహేష్ చేతులు పట్టుకోబోతే కేకలు పెట్టింది.

మామ కుర్చీ లాక్కుని పాప ఎదురుగా కూర్చున్నాడు. "ముందు మాకు తియ్యండమ్మా" అని నోరు తెరిచాడు.

నర్సు నవ్వాపుకుంటూ ఆయన గొంతులో పుల్ల ఆడించింది. ఆయన చేసిన శబ్దానికి బయట వరండాలో రోగులు లేచి నిలబడ్డారు. నెల రోజుల తర్వాత మా పాప నవ్వింది. నవ్వడానికి నోరు తెరవాలి కాబట్టి నర్సు పని కూడా అయిపోయింది.

ఆ ఊపులో రక్తానికి కూడా నేనే ముందని మామ చొక్కా చెయ్యి మడిచాడు. ఉత్తుత్తిగా సూది చూపిస్తే చాలని డాక్టరమ్మ నర్సుకు సైగ చేసింది. నర్సు సూది పైకెత్తింది. మామ దాని వంక చూశాడు. తర్వాత పైకప్పు వంక చూశాడు. తర్వాత కుర్చీలోంచి మెల్లగా, చాలా మర్యాదగా, నేల మీదికి జారిపోయాడు.

ఆయన్ను మంచం మీదికి చేర్చి ముఖాన నీళ్లు చల్లుతుంటే, పాప వచ్చి ఆయన చెయ్యి పట్టుకుంది. తాతా, భయపడబాకు, నేను ఈడే ఉన్నా అని చెబుతూ కూర్చుంది. రెండో చేతి నుంచి తనకు రక్తం తీసిన సంగతి పట్టించుకోలేదు. ఆ చేతులు కడుక్కుంటానని కూడా అడగలేదు. నేను గోడ వైపు తిరిగి కొంగుతో ముఖం తుడుచుకున్నాను.

పరీక్షలో ఆ ఇన్‌ఫెక్షనే తేలింది. ఈసారి మందు పది రోజులూ, చేదైనా, కక్కినా, పూర్తిగా వేశాం. నిద్ర మందును డాక్టరమ్మ ఆ మెదడు డాక్టరుతో మాట్లాడి మెల్లగా తగ్గించింది. చేతులు కడిగే భయానికి ఎలా నచ్చజెప్పాలో నేర్పించింది. మూడు వారాలకు "హుం" పోయింది, సంక్రాంతి సెలవులు అయ్యేసరికి భుజం కుదుటపడింది, శివరాత్రికి పాప నా కంచంలో చెయ్యి పెట్టి తింది. డాక్టరమ్మ రాసిచ్చిన చీటీ చూసి బడిలో టీచరు పాపను ముందు బెంచీకి మార్చింది. ఇక రాదని మాత్రం డాక్టరమ్మ మాట ఇవ్వలేదు. మళ్లీ గొంతు నొప్పి వస్తే ఆ రోజే తీసుకురమ్మంది.

ఈ శ్రావణంలో వచ్చింది. జ్వరం, గొంతు నొప్పి, మర్నాటికల్లా కళ్లు టపటపా. ఆ వారంలోనే సర్దుకుంది కాబట్టి కంగారు పడకండి. నేను చెప్పాలనుకున్నది ఆ రోజు మార్కాపురం బయలుదేరే ముందు జరిగిన సంగతి.

ఈసారి మామను పిలవాలనిపించింది. నా కాపురంలో ఆయన్ను ఆస్పత్రికి పిలవడం అదే మొదలు. వాళ్లింటికి వెళ్తే పెద్దత్త ఒక్కతే అరుగు మీద కూర్చుని ఉంది. పెరట్లో ఎవరో వాంతి చేసుకుంటున్న శబ్దం.

"మీ మామేలే. పాపను ఆస్పత్రికి తోలుకపోతారని తెలిసింది గదా" అంది అత్త, వక్క కత్తిరిస్తూ.

నాకు అర్థం కాలేదు. ఆమే చెప్పింది. ఆయనకు ఆస్పత్రి వాసన పడదట, సూదంటే చచ్చేంత భయమట. తన ఒంటికి ఇంతవరకు ఒక్క సూది వేయించుకోలేదట. ఎవరికి తోడు వెళ్లాల్సి వచ్చినా అంతకుముందు ఇదే వరస అట.

"మరి ఎందుకు పోతాడత్తా ప్రతివాళ్లతో?"

"నేనూ అడిగినా. 'ఊరికే తోడు పోయే నాకే ఇంత బయంగా ఉంటే, ఆ జబ్బు మనిషికి ఎంత బయంగా ఉంటాదే. ఆడ డాక్టరు ఎదురుగా నోరు ఎట్ల లేస్తాది' అన్నాడు. ఇంకేం చెప్తాం."

ఇన్నేళ్లూ ఆయన జవాబులు విని నవ్వినవాళ్లలో నేను ముందు వరసలో ఉన్నదాన్ని. నోరు మూసుకోమన్నది కూడా నేనే. అరుగు మీద నిలబడి ఏం చెయ్యాలో తెలియక పమిట సర్దుకున్నాను.

ఇంతలో మామ ముఖం కడుక్కుని, ఉతికిన పంచె కట్టుకుని, పెళ్లికి బయలుదేరినవాడిలా వచ్చాడు. నన్ను చూసి, ఏందమ్మా ఇంకా బయలుదేరలేదా, ఆలిస్యమైతే బెంచీ దొరకదు అని కసిరాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"మామా, నీకు అంత భయమైతే ఈసారి ఉండిపో. మేం చూసుకుంటాం" అన్నాను.

ఆయన పెద్దత్త వంక కోపంగా చూశాడు. "బయం ఎవురికి? ఆ దినం పడిపోయినానని అంటాండావా? అది బయం కాదు. ఎండదెబ్బ."

ఆయన పడిపోయింది మార్గశిర మాసంలో, ఏసీ గదిలో. అక్కడ చలికి నర్సు కూడా స్వెట్టరు వేసుకుని ఉంది.

 వంటింట్లోకి వెళ్లి, పెద్ద గ్లాసు నిండా మజ్జిగ కలిపి, ఉప్పు వేసి, నిమ్మకాయ పిండి తెచ్చి ఆయన చేతికిచ్చాను. ఎండదెబ్బకు అదే కదా మందు.