కొమురయ్య మాస్టారి ఎడమచెయ్యి

2009 జనవరి. డాలస్ పక్కన ఇర్వింగ్‌లో ఒక చిన్న యూనివర్సిటీలో, ఉద్యోగం చేస్తూ చదువుకునే టీచర్లకు ఎం.ఎడ్. పాఠాలు చెప్పేదాన్ని. క్లాసులు శనివారాలే. వారమంతా పిల్లల మీద అరిచి గొంతు పోగొట్టుకున్న టీచర్లు కాఫీ కప్పులతో వచ్చి వెనక వరసల్లో కూలబడేవారు. టీచర్లంత అల్లరి విద్యార్థులు ఇంకెక్కడా ఉండరు. ఆలస్యంగా వస్తారు, గుసగుసలాడతారు, హోంవర్క్ ఎందుకు తేలేదో చెప్పడంలో తమ పిల్లల్ని మించిపోతారు.

ఆ గుంపులో కొమురయ్య మాస్టారు వేరు. వయసు యాభై ఒకటి, నాకంటే పన్నెండేళ్లు పెద్ద. వరంగల్ జిల్లాలో ఇరవై రెండేళ్లు లెక్కలు చెప్పి, ఇక్కడి స్కూళ్లు లెక్కల టీచర్ల కోసం ఇండియా దాకా వెతుకుతున్న రోజుల్లో హెచ్-వన్-బి వీసా మీద వచ్చారు. నేను క్లాసులోకి అడుగుపెట్టగానే లేచి నిలబడేవారు. మొదటి రోజు అందరూ వెనక్కి తిరిగి చూశారు.

"మాస్టారూ, ఇక్కడ ఇవన్నీ ఎందుకండీ, కూర్చోండి" అన్నాను తెలుగులో.

"కాళ్లు ఆగయి మేడమ్, అలవాటైపోయింది" అన్నారాయన.

మూడో వారానికి ఇద్దరు అమెరికన్ టీచర్లు కూడా సరదాగా లేవడం మొదలుపెట్టారు. నాకు మొహమాటంగా ఉండేది. అబద్ధమెందుకు, బాగా కూడా ఉండేది.

ఆ డిగ్రీ చివర క్యాప్‌స్టోన్ అని ఒకటి ఉంటుంది. టీచరు తన క్లాసులోని ఒక ఇబ్బందిని తానే పట్టుకుని, ఏదో ఒక మార్పు చేసి చూసి, ఏం జరిగిందో రాయాలి. దాన్ని యాక్షన్ రీసెర్చ్ అంటారు. దానికి జతగా తన పాఠం ఒకటి వీడియో తీసి ఇవ్వాలి. అది మామూలు రోజున జరిగే పాఠమే అయి ఉండాలి. పిల్లలతో ముందుగా రిహార్సల్ చేయిస్తే మోసం కింద లెక్క. ఫిబ్రవరిలో మొదటి ప్రతి, ఏప్రిల్‌లో చివరిది. మే నెలాఖరుకల్లా డిగ్రీ చేతికి రాకపోతే కాంట్రాక్ట్ రెన్యూ చేసేది లేదని మాస్టారికి వాళ్ల స్కూలు చెప్పేసింది. కాంట్రాక్ట్ లేకపోతే వీసా లేదు. వాళ్లమ్మాయి అప్పుడు పదకొండో క్లాసు మధ్యలో ఉంది.

ఫిబ్రవరిలో ఆయన వీడియో వచ్చింది. ఆరో క్లాసు, భిన్నాల పాఠం. మాస్టారు ప్రశ్న అడగడం ఆలస్యం, క్లాసంతా చేతులెత్తేది. ఆయన లేపిన ప్రతి ఒక్కరూ సరైన జవాబే చెప్పేవారు. నాతోపాటు క్యాప్‌స్టోన్లు దిద్దే తెల్లజుట్టు ప్రొఫెసర్ గారు ఆ వీడియో చూసి మురిసిపోయారు. "ఒక్క చెయ్యి కూడా కింద లేదు చూశావా! నా సర్వీసులో ఇలాంటి క్లాసు చూడలేదు" అన్నారావిడ.

నేను ఇంకొకటి కూడా చూశాను. కొందరిది కుడిచెయ్యి, కొందరిది ఎడమచెయ్యి. మాస్టారు లేపినవాళ్లందరూ కుడిచేతివాళ్లే.

నాకు నవ్వాగలేదు. తెనాలిలో నేను ఏడో తరగతి చదువుతుండగా, ఇన్‌స్పెక్షన్‌కి ముందు రోజు మా సైన్సు టీచరు నేర్పిన విద్యే ఇది. "అందరూ చేతులెత్తండి. వచ్చినవాళ్లు కుడిది, రానివాళ్లు ఎడమది. ఎవర్ని లేపాలో నేను చూసుకుంటాను" అన్నారావిడ. పాఠం కటకాలు. నాది ఎడమచెయ్యి. ఇన్‌స్పెక్టర్ గారు సంతోషించి వెళ్లిపోయారు. కటకాలు మాత్రం నాకు ఇప్పటికీ రావు, కళ్లజోడు పెట్టుకుని మరీ ఒప్పుకుంటున్నాను.

నవ్వు అయిపోయాక భయం వేసింది. ఈ కిటుకు అక్కడ నాకొక్కదానికే తెలుసు. నోరు మెదపకపోతే మాస్టారు పాసైపోతారు, నా సంతకం మాత్రం దొంగ సంతకం అవుతుంది. మొదటి ప్రతే కాబట్టి, కారణం చెప్పి వెనక్కి పంపే వెసులుబాటు ఒకటి నాకుంది. కానీ ఏప్రిల్‌లో తప్పితే మళ్లీ అవకాశం మరుసటి ఏడాదే. ఒక వారం నాన్చి ఆయన్ని నా గదికి పిలిచాను.

"ఎడమచేతుల సంగతి నాకు తెలుసు మాస్టారూ" అన్నాను.

ఆయన కంగారు పడతారనుకున్నాను. పడలేదు. "నేను మోసం చేసిన్నంటరా మేడమ్? ఇంటికి ఎవలన్న వస్తుంటే ఊడ్సుకోమా? గిది గూడ గంతే" అన్నారు.

"ఊడ్చుకోవడం వేరండీ. పక్కింటి హాలుకి తీసుకెళ్లి మాదే అని చూపించడం వేరు."

ఆయన ముఖం ఎర్రబడింది. "మరీసా అని ఒక పిల్ల ఉన్నది మేడమ్. బడి తెరిసిన కాన్నుంచి నోరు తెర్వలే. లేపి అడిగితే కండ్లల్ల నీళ్లు పెట్టుకుంటది. గా పిల్లను కెమెరా ముందట నిలవెట్టి ఇజ్జత్ తియ్యమంటరా? అందరితోటి సమానంగ చెయ్యన్న లేపనీ అనుకున్న."

ఆయన తన వీసా కోసమే ఈ పని చేశారని నేను ఖాయం చేసుకుని కూర్చున్నాను. సిగ్గనిపించింది. అయినా వీడియో వెనక్కే ఇచ్చాను. "మరి ఆ ఎడమచేతివాళ్లకి తర్వాతేం చేశారు మాస్టారూ?" అని మాత్రం అడిగాను. ఆయన డిస్క్ తీసుకుని వెళ్లిపోయారు.

ఆ తర్వాతి శనివారం నుంచి నేను క్లాసులోకి వెళ్తే ఆయన లేవలేదు. లేవద్దని చెప్పింది నేనే. తీరా ఆయన కూర్చునే ఉంటే నాకు వెలితిగా ఉండేది. ఒక వారం పాఠం మధ్యలో రెండు మాటలు తడబడ్డాను కూడా.

మార్చి చివర్లో కొత్త వీడియో వచ్చింది. మొదటిదానంత అందంగా లేదు. గోలగోలగా ఉంది, ఒకడు కుర్చీలోంచి పడ్డాడు కూడా. మాస్టారు అదే పద్ధతి ఉంచారు, కాకపోతే ఈసారి దొంగచాటుగా కాదు. వచ్చినవాళ్లు కుడిచెయ్యి, రానివాళ్లు ఎడమచెయ్యి, నేను ముందు ఎడమచేతుల దగ్గరికే వస్తాను అని అంతకు రెండు వారాల ముందే క్లాసులో చెప్పి అమలు చేస్తున్నారట. కెమెరా ఆ మధ్యలో ఒక మామూలు రోజున పెట్టారు.

ఆ రోజు మరీసా ఎడమచెయ్యి ఎత్తింది. పూర్తిగా కూడా కాదు, మోచెయ్యి బల్ల మీదే ఉంది. మాస్టారు వెళ్లి పక్కనున్న చిన్న కుర్చీలో మోకాళ్లు ముడుచుకుని కూర్చున్నారు. ఏది అర్థం కాలేదమ్మా అని ఇంగ్లీషులో అడిగారు. చాలాసేపటికి ఆ పిల్ల నోరు తెరిచింది.

"ఆ రెండు అంకెల మధ్య గీత ఎందుకు, మిస్టర్ కె?"

ఎవరూ నవ్వలేదు. వెనకాల ఒక కుడిచెయ్యి మెల్లిగా దిగి ఎడమచెయ్యి లేచింది. తర్వాత ఇంకొకటి. చూస్తుండగానే ఐదారు. అన్నాళ్లుగా భిన్నాల కూడికలు, తీసివేతలు చేయిస్తున్న మనిషి వాళ్లందరికేసి చూసి, లేచి వెళ్లి బోర్డంతా తుడిచేశారు. తన టిఫిన్ డబ్బాలోంచి ఒక చపాతీ తీసి సగానికి చింపి, మొదటి నుంచి మొదలుపెట్టారు. నేను ఏడ్చాను. ఇంట్లో మా ఆయన ఏమైందని కంగారుపడితే, లెక్కల పాఠం అని చెప్పాను.

రిపోర్టులో మాస్టారు మొదటి వీడియో సంగతి కూడా రాసేశారు. చదివిన వెంటనే ఫోన్ చేశాను. "మాస్టారూ, అది పాత ప్రతి. రాయాల్సిన పని లేదు కదా. రిపోర్టు దిద్దే కమిటీలో ఎవరైనా పట్టుకుంటే డిగ్రీ పోతుంది" అన్నాను.

"పక్కింటి హాలు సూపియ్యద్దన్నది మీరే గద మేడమ్" అన్నారాయన.

ఏప్రిల్‌లో ఆ కమిటీ ముందు ప్రెజెంటేషన్. తెల్లజుట్టు ప్రొఫెసర్ గారు రిపోర్టు మూసి బల్ల మీద పెట్టారు. తాను మురిసిపోయిన వీడియో అలాంటిదని తెలిశాక ఆవిడ ముఖంలో నవ్వు లేదు. మాస్టారి భార్య, కూతురు వెనక వరసలో ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని కూర్చున్నారు. "రెండో వీడియోలో కిటికీ దగ్గర ఇద్దరు పిల్లలు చివరిదాకా ఏ చెయ్యీ ఎత్తలేదు. ఎందుకని?" అని అడిగారావిడ.

మాస్టారు ఏదో ఒకటి చెప్పి గట్టెక్కేయొచ్చు. అలాంటి జవాబులు మా క్లాసులో రోజూ వింటాను. ఆయన అవేమీ చెప్పలేదు. కోటు సర్దుకుని, ఎడమచెయ్యి ఎత్తి నిలబడ్డారు.

ప్రొఫెసర్ గారు ఆయన్నే చూస్తూ కళ్లజోడు తీసి పక్కన పెట్టారు. తర్వాత తన ఎడమచెయ్యి కూడా మెల్లిగా ఎత్తారు. "నాకూ తెలియదు" అన్నారు. కలం తీసి ముందు ఆవిడే సంతకం పెట్టారు. నేను రెండో సంతకం. తర్వాతి శనివారం నేను క్లాసులోకి వెళ్తే మాస్టారు లేచి నిలబడ్డారు. ఈసారి నేను కూర్చోమనలేదు.

పాఠం చెప్పేవాళ్లకి పాఠం చెప్పడం నా ఉద్యోగం. తెలియదు అని ఒప్పుకోవడం వాళ్లందరికీ కష్టమే, నాకైతే మరీనూ. వచ్చినట్టు నటించడం తెనాలిలో నేర్చుకున్నాను. రాలేదని చెప్పడం నలభై దగ్గర పడ్డాక, నా స్టూడెంట్ దగ్గర నేర్చుకున్నాను.

పోయిన ఏడాది, 2014లో, ఒక శనివారం కొత్తగా చేరిన టీచరమ్మ ఏదో అడిగింది. నాకు జవాబు తెలియలేదు. నా చెయ్యి దానంతటదే లేచింది.

"మీది ఎడమచేతి వాటమా ప్రొఫెసర్?" అంది ఆ అమ్మాయి.

"కాదు. నేను కొమురయ్య మాస్టారి శిష్యురాలిని" అన్నాను.