సవారీల కోసం ఆగిన గుర్రం

1968 ఎండాకాలం. బోధన్‌లో చెరుకు ఆడే సీజన్ అయిపోయి, ఫ్యాక్టరీ ముందు ఎడ్లబండ్ల వరుస కరిగిపోయింది. నా బతుకుతెరువు ఆ ఎడ్ల కాళ్ల కిందే ఉంటుంది. మాక్లూర్ నుంచి వచ్చి, ఫ్యాక్టరీ రోడ్డు పక్కన రేకుల షెడ్డు వేసుకుని, ఎడ్లకూ గుర్రాలకూ నాడాలు, అంటే లాడాలు, కొట్టే పని నాది. ఈ పని చేసేవాణ్ణి ఇంగ్లీషులో ఫారియర్ అంటారట. పేరు మారినా తన్నులు మారవు.

సీజన్ ముగిశాక ఏటా అక్కడ గుర్రప్పందెం ఒకటి జరిగేది. ఆఫీసర్లు దాన్ని స్టీపుల్‌చేజ్ అనేవాళ్లు. చదును నేల మీద పరుగు కాదు. అడ్డం వచ్చినవన్నీ దూకుతూ పోవాలి. జనం దుంకుడు పందెం అనేవాళ్లు. చెరుకు కోసిన పొలాలు, గట్లు, ఎండిన చెరుకాకు కట్టలతో కట్టిన కంచె, చివర్లో నిజాంసాగర్ పిల్లకాలువ, అది దాటాక మళ్లీ ఫ్యాక్టరీ మైదానం. పోలీసు గుర్రాలు, దొరల గుర్రాలు, క్లబ్బు గుర్రాలు పరుగెత్తేవి. నిజామాబాద్ నుంచి కూడా పెద్దమనుషులు ఇస్త్రీ బట్టల్లో వచ్చి, సాయంత్రానికి మా బట్టల్లాంటి బట్టల్లో తిరిగిపోయేవారు.

టాంగా గుర్రాలకూ ప్రవేశం ఉండేది. కానీ ఏ ఏడూ ఒక్క టాంగా గుర్రం కూడా పందెం పూర్తి చేయలేదు. అన్నీ కాలువ దగ్గరికి వచ్చి ఆగిపోయేవి. జనం నవ్వేవారు. నేనూ నవ్వాను, నాడాలు కొట్టింది నేనే అని గుర్తొచ్చేదాకా.

ఆ ఏడు పందెం సెక్రటరీ గారు, ఫ్యాక్టరీలో పెద్ద ఆఫీసరు, టాంగా అడ్డాకే వచ్చి చెప్పారు. "ఈసారీ మీ గుర్రం ఒక్కటైనా చివరి గీత దాటకపోతే, వచ్చే ఏడు నుంచి టాంగాలకు పందెంలో చోటు లేదు. కమిటీ నిర్ణయం."

మరునాడు పొద్దున్నే టాంగా తోలే మల్లేశన్న తన గుర్రాన్ని నా షెడ్డుకు తోలుకొచ్చాడు. ఎర్ర ఆడగుర్రం, పేరు బిజిలీ. మెరుపని అర్థం. నడక చూస్తే ఆ మెరుపు ఎక్కడో నిజామాబాద్ దగ్గరే ఆగిపోయిందనిపించేది.

"బస్సులొచ్చి సవారీలను గుంజుకపోయినయి తమ్మీ," అన్నాడు. సవారీలంటే టాంగా ఎక్కే జనం. "ఏడాదికి గా ఒక్క దినమే ఊరంత మా దిక్కు సూస్తది. గదిగూడ గుంజుకుంటె ఇగ మేమెందుకు? నువ్వు మంచిగ నాడాలు కొట్టు. మిగిలింది నేను జూసుకుంట."

"మిగిలినదాంట్ల దుంకుడు గూడ ఉన్నదే అన్నా."

"అది బిజిలీ జూసుకుంటది."

పనిలో అసలు చిక్కు వేరే ఉంది. చెరుకు కోసిన పొలంలో మోళ్లు ఈటెల్లా నిలబడి ఉంటాయి. గిట్ట అడుగుభాగాన్ని సోల్ అంటాం. మోడు గుచ్చుకుంటే గుర్రం ఇక అడుగు వెయ్యదు. టాంగాకు వేసే బరువు నాడాలు ఊడదీసి, పల్చటివి కాల్చి సాగదీశాను. నాడాకూ సోల్‌కూ మధ్య తారు పూసిన తోలు పెట్టాను. మొలలు దిగ్గొట్టి, గిట్ట పక్కన బయటికొచ్చిన మొనలను వంచి నొక్కాను. ఆ వంపును క్లించ్ అంటారు. ఊడకుండా పట్టుకునేది అదే. చివరి మొల అయ్యాక, నాకీ పని నేర్పిన మా బాపు, అంటే మా నాన్న, అలవాటు ప్రకారం, దాగలి అనే ఇనుప దిమ్మె మీద సుత్తితో రెండు దెబ్బలు, ఠంగ్ ఠంగ్. పని అయిపోయింది, ఇక పో అని. మనుషులకు ఇంకోసారి చెప్పాల్సి వస్తుంది కానీ, జంతువులకు ఆ చప్పుడు చాలు. బిజిలీ చెవులు నిక్కించి, మల్లేశన్న తాడు పట్టుకోకముందే రోడ్డెక్కింది.

రెండు రోజుల తర్వాత, పొలాల్లో దూకించి చూసి, ఆయన అరుచుకుంటూ వచ్చాడు.

"నీ మొల కుచ్చింది తమ్మీ! మూడు గట్లు లేడి లెక్క దుంకింది. నాలుగోదాని కాడ రాయి లెక్క నిలవడ్డది!"

నాకు నవ్వు పోయింది. మొల జీవమున్న చోటికి దిగితే దాన్ని ప్రిక్ అంటాం. మా పనిలో అంతకంటే పెద్ద మచ్చ లేదు. ఒక్కొక్క మొల మీదా సుత్తితో తట్టి చూశాను. నొప్పి ఉంటే కాలు గుంజుకుంటుంది. బిజిలీ గుంజుకోలేదు సరికదా, నా వీపు మీద తల పెట్టి కునుకు తీసింది.

మల్లేశన్నకు సద్ది పట్టుకొచ్చిన లక్ష్మి వదిన అప్పటిదాకా గడప మీద కూర్చుని చూస్తోంది.

"నాలుగో గట్టు మీద ఎవరన్న ఉన్నరా?" అని మొగుణ్ణి అడిగింది.

"ముగ్గురు కూలి ఆడోళ్లు. మూటలు నెత్తిన వెట్టుకొని నిలవడ్డరు. ఒకామె చెయ్యి ఊపింది. అయితేంది?"

వదిన కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. "అయ్యో, గది నొప్పి గాదు, భయం గాదు. మర్యాద! పొద్దున లేస్తే మూటలోళ్లు చెయ్యెత్తిన కాడ ఆగుడే దాని పనాయె. ఎక్కుతరని ఆగింది."

"మరి కాలువ కాడ?" అన్నాను.

"కాలువ గట్టు నిండ జనమే గద మరిదీ. అందరు చేతులు ఊపుడే. గంతమంది సవారీలు ఒక్కపారి దొరికితె ఏ టాంగా గుర్రం ఇడిసిపెడ్తది?"

మల్లేశన్న గుర్రం వంకా, భార్య వంకా చూశాడు. ఇన్నేళ్లుగా ఊరంతా పిరికిదన్న జంతువు, పాపం, డ్యూటీ చేస్తోంది. "నేర్పింది నేనే," అని సద్ది విప్పాడు.

మందు తేలికే. రద్దీ బజార్లో టాంగా తోలేటప్పుడు పక్కలు కనబడకుండా పెట్టే తోలు గంతలు పందెంలోనూ పెట్టాలి. సెక్రటరీ గారు నిబంధనల పుస్తకం తిరగేసి, గంతల గురించి ఏమీ లేదన్నారు. ఉంటే బాగుండునన్నట్టు మొహం పెట్టారు.

పందెం రోజు నేను గీత పక్కనే నిలబడ్డాను. నాడా ఊడితే వెయ్యడానికి ఫారియర్ ఒకడు అక్కడ ఉండాలని ఏర్పాటు. సంచిలో సుత్తి, మొలలు, ఒక నాడా.

చెప్పుకోదగ్గ పోటీ ఏమీ జరగలేదు. పోలీసు గుర్రం గెలిచింది. దొర గుర్రం రెండో స్థానం. క్లబ్బు గుర్రం చెరుకాకు కంచె దగ్గర రౌతును దించేసి సొంత పనుల మీద వెళ్లిపోయింది. మిగతావి ఒక్కొక్కటే వచ్చాయి. కప్పు ఇచ్చేశారు, చప్పట్లు కొట్టేశారు. కుర్చీలు మడుస్తుండగా కాలువ వైపు నుంచి కేక లేచింది.

బిజిలీ కాలువ దూకింది!

ఎలా దూకిందో నేను చూడలేదు. చూసినవాళ్లు చెప్పిన ఎత్తులన్నీ కలిపితే ఫ్యాక్టరీ పొగగొట్టం దాటుతుంది. నాకు కనబడింది మాత్రం మైదానంలోకి వస్తున్న ఎర్ర గుర్రం, నాలుగు కాళ్లకూ నాలుగు నాడాలు. ముందు అవే లెక్కబెట్టుకున్నాను.

అప్పుడు టాంగా అడ్డా మొత్తం సంతోషం పట్టలేక గీత దాటి ఎదురుపరుగు తీసింది. అందరి చేతులూ పైకే. గంతలు పక్కలనే కప్పుతాయి. ఎదురుగా ఉన్నది బాగా కనబడుతుంది.

బిజిలీ ఆగింది. గీతకు రెండు బారల దూరంలో, ఎంతో మర్యాదగా.

మల్లేశన్న మడమలతో పొడిచాడు. బతిమాలాడు. "నడువే బిడ్డా, నీ కాల్మొక్త!" గుర్రం కదలదు. సవారీలు ఎక్కలేదు కదా.

"చేతులు దించుర్రి, సచ్చినోళ్లారా!" అని వదిన అరిచింది. దించారు. ఆలస్యమైపోయింది. ఎవడో వెనక నుంచి తోయబోయాడు.

"ముట్టుకుంటే లెక్కలోకి రాదు!" సెక్రటరీ గారు అరిచారు.

మల్లేశన్న ఇక పొడవడం మానేశాడు. జీను మీద వంగి గుర్రం మెడ మీద చెయ్యి వేశాడు. ఆ మొహం చూశాక నాకు జోకు ఏదీ తట్టలేదు. అలా జరగడం అరుదు.

నా చెయ్యి సంచిలోకి పోయింది. ఆలోచించానని చెబితే అబద్ధం. ఎడమ చేత్తో నాడా పైకెత్తి సుత్తితో కొట్టాను. ఠంగ్ ఠంగ్.

బిజిలీ చెవులు నిక్కాయి. పని అయిపోయింది, ఇక పో. రోజూ అడ్డాకు పోయే నడకతో, జనం మధ్య నుంచి, గీత దాటి, మైదానం దాటి, మల్లేశన్న ఆపేదాకా ఇంటి దారి పట్టింది.

చివరి స్థానం. చివరివాడికి అంత ఊరేగింపు నేను మళ్లీ చూడలేదు. సెక్రటరీ గారు కాసేపు మీసం సవరించుకుని, "దాటింది," అన్నారు. తర్వాత నా దగ్గరికి వచ్చి గిట్టలు ఎత్తించి చూశారు. తోలు చిరిగింది, సోల్ మీద గీత లేదు, క్లించ్ ఒక్కటీ విచ్చుకోలేదు. "బాగా కొట్టావు," అన్నారు. నాడాల గురించా, చివరి రెండు దెబ్బల గురించా అని నేను అడగలేదు. రెండింటికీ నేనే కదా.

అప్పటిదాకా నేను గుర్రం కాలు ఎత్తి గిట్ట మాత్రమే చూసేవాణ్ణి. ఆ తర్వాత నుంచి, కొత్త జంతువు షెడ్డులోకి వస్తే, అది రోజంతా ఏం చేస్తుంది, ఎవరి కోసం ఆగుతుంది అని ముందు అడుగుతాను. ఆ జవాబు వచ్చాకే పనిముట్టు పట్టుకుంటాను.

మరుసటి ఏడు టాంగా గుర్రాలు మూడు బరిలోకి దిగాయి. మైదానం ముందు నిబంధనల బోర్డు మీద కొత్తగా రెండు వాక్యాలు చేరాయి. ప్రేక్షకులు గుర్రాల ఎదుట చేతులెత్తరాదు. పందెం జరుగుతుండగా ఫారియర్ సుత్తి వాడరాదు.

కప్పుల మీద ఎవరెవరి పేర్లో చెక్కారు. బోర్డు మీద నా సుత్తి ఒక్కటే ఉంది. మాక్లూర్ నుంచి బాపును పిలిపించి చూపించాను.