తప్పిపోయే సాంబమూర్తి గారు

సాంబమూర్తి గారికి ఒక్కటే అలవాటు. తప్పిపోతారు.

అరవై దాటిన మనిషి, ఇస్త్రీ మడత నలగని తెల్లచొక్కా, జేబులో కళ్ళజోడు. భార్యతో కలిసి బయటికి వెళ్తే చాలు, తప్పిపోయి తీరతారు. దిల్‌సుఖ్‌నగర్‌లో చీరల దుకాణం మెట్ల మీద తప్పిపోయారు. నాగోల్ మెట్రోలో దిగీ దిగగానే తప్పిపోయారు. ఎల్బీనగర్ చౌరస్తాలో సగం రోడ్డు దాటి తప్పిపోయారు. మా దగ్గర్లో ఉన్న మాల్‌లో సెక్యూరిటీ అతను ఈయన్ని చూడగానే మైకు ఆన్ చేసి పెట్టుకుంటాడని మా అపార్ట్‌మెంట్లో ఒక మాట ఉంది. అది నేను పుట్టించిందే.

ఇందులో వింతేమిటంటే ఆయన ఆర్టీసీలో పనిచేసి రిటైరయ్యారు. ఏ బస్సు ఎటు పోవాలో రూట్లు వేసిన మనిషి. ఇక ఆయన భార్య సూర్యప్రభ గారు జాగ్రఫీ టీచరు. కొత్తపేట చుట్టుపక్కల సగం జనాభాకి తూర్పూ పడమరా నేర్పింది ఆవిడే. అందుకే మేమంతా టీచరమ్మ అంటాం. తప్పిపోయిన భర్తని వెతికి పట్టుకుని, దారి పొడుగునా తిడుతూ తీసుకొచ్చేది కూడా ఆవిడే.

"మనిషన్నాక కాస్త ముందూ వెనకా చూసుకు నడవాలండీ. నేను వెతక్కపోతే ఏమైపోయేవారు?"

"నువ్వున్నావుగా ప్రభా," అనేవారు ఆయన, ఏ మాత్రం సిగ్గు లేకుండా.

"సార్, ఫోనన్న దగ్గర పెట్టుకోవచ్చు గద?" అని నేనొకసారి అడిగాను. నేను వాళ్ళ కింది ఫ్లాట్‌లో ఉంటాను.

"ఫోనుంటే తప్పిపోవడం కుదరదయ్యా తిరుపతీ," అన్నారు. జోకనుకుని నవ్వాను.

మొన్న ఒక ఆదివారం అపార్ట్‌మెంట్ వాళ్ళమంతా బస్సు మాట్లాడుకుని నాదర్‌గుల్ అవతల కొత్తగా వెలిసిన విహారనగరి రిసార్ట్‌కి బయల్దేరాం. ఉండే గదులు వెనకెక్కడో ఉంటాయట. జనం పోయేది మాత్రం ముందున్న వీధులకే. ఒక వీధి నిండా దుకాణాలు, ఇంకో వీధి నిండా హోటళ్ళు, మరో వీధి నిండా ఆటలు. కట్టినవాడెవడో గాని అన్నీ ఒకేలా కట్టాడు. ప్రతి మలుపులోనూ తొండమెత్తిన సిమెంటు ఏనుగొకటి. ఏనుగు దగ్గర కలుద్దామనుకున్నవాళ్ళు నేరుగా ఇంట్లోనే కలుసుకుంటారని విన్నాను.

మా అసోసియేషన్ ప్రెసిడెంట్ ఇంద్రాణి ఒకప్పుడు టీచరమ్మ దగ్గర చదువుకుంది. "టీచరే మనకు లీడర్. ఇగ దారి గురించి ఫికరే లేదు," అని బస్సులోనే ప్రకటించింది. టీచరమ్మ లేచి నిలబడి, క్లాసులో లాగే అందరినీ ఒక చూపు చూశారు.

"ఐదింటికల్లా అందరూ గడియార స్తంభం కింద ఉండాలి. రానివాళ్ళ పేరు మైకులో చదివిస్తాను. పెద్దా చిన్నా లేదు."

అందరం సాంబమూర్తి గారి వైపు చూశాం. ఆయన కిటికీలోంచి ఎల్బీనగర్ ఫ్లైఓవర్‌ని చూస్తున్నారు.

దిగుతుంటే ఇంద్రాణి నన్ను పక్కకి పిలిచింది. "తిరుపతన్నా, ఇయ్యాల సార్ చెయ్యి ఇడువకు. బాత్రూంకు పోయినా బయట నిలబడు. పోయినసారి లెక్క జర పరేషాన్ కావద్దు."

నేను మాట మీద నిలబడే మనిషిని. పొద్దున్నించీ ఆయన చెయ్యి వదల్లేదు. ఒంటి చేత్తో మిర్చి బజ్జీ తిన్నాను, ఒంటి చేత్తో బిర్యానీ తిన్నాను, జెయింట్ వీల్ ఎక్కినప్పుడు మాత్రం ఆయనే నా చెయ్యి పట్టుకున్నారు. బొమ్మల దుకాణంలో ఒకావిడ మమ్మల్ని అదోలా చూసింది. నేను పట్టించుకోలేదు.

సాయంత్రం మేమిద్దరం చాయ్ తాగుతుంటే టీచరమ్మ గాజులు కొనాలని ఎదుటి దుకాణంలోకి వెళ్ళారు. "నేనిటునుంచి ఇటే గడియారం దగ్గరికి వెళ్తాను. మీరు వేరే ఎక్కడా తిరగకండి," అని హెచ్చరించి మరీ వెళ్ళారు. కాసేపటికి బయటికొచ్చారు. గడియారం కుడివైపుంది. ఆవిడ ఎడమకి తిరిగి, తల పైకెత్తుకుని, చకచకా నడిచి ఏనుగు వెనక మాయమయ్యారు.

సాంబమూర్తి గారు చాయ్ సగంలోనే పక్కన పెట్టేశారు.

"తిరుపతీ, చెయ్యి వదులు."

"వదల సార్. ఇంద్రాణి నన్ను సంపుతది."

"బాత్రూంకి వెళ్ళాలయ్యా."

"నేను గూడ ఒస్త."

"నీకు దణ్ణం పెడతాను. నన్ను తప్పిపోనివ్వు."

ఇలాంటిది నన్నెవరూ ఎప్పుడూ అడగలేదు. ఆయన మొహంలోకి చూశాను. నిజంగానే ఏడుపు మొహం పెట్టారు.

"అది గాదు సార్, ఏందసలు సంగతి?"

"ప్రభకి దారులు తెలీవయ్యా. నైలు నది ఎటు పారుతుందో నిద్రలో లేపి అడిగినా చెబుతుంది. దుకాణంలోంచి బయటికొస్తే ఎటు తిరగాలో చెప్పలేదు. పెళ్ళయిన కొత్తలో బజారుకెళ్ళి దారి తప్పింది. నేను వెతుక్కుంటూ వెళ్ళేసరికి చుట్టూ తన క్లాసు పిల్లలు, వాళ్ళ అమ్మలు. 'ఎక్కడికెళ్ళాలి టీచర్' అని అడుగుతున్నారు. ఆ మొహం చూడలేకపోయాను. 'అమ్మయ్య, దొరికావా ప్రభా, నేను తప్పిపోయాను' అనేశాను. అప్పట్నించీ అదే నడుస్తోంది. ఆవిడ వెనకాలే వెళ్తాను, ఆగిపోయిన చోట కనబడతాను. ఇవాళ నువ్వు పట్టుకుని కూర్చున్నావు. ఐదయ్యేసరికి మైకులో ఎవరి పేరొస్తుందో ఆలోచించు."

ఆలోచించాను. ఆవిడ పెట్టిన రూలుకి ఆవిడ పేరే, అదీ ఆవిడ శిష్యురాలే చదివిస్తుంది. చెయ్యి వదిలేశాను. ఇద్దరం పరుగందుకున్నాం.

"ఎటు సార్?"

"ఎడమకే. అనుమానమొస్తే ఎడమకి తిరుగుతుంది. రాకపోయినా ఎడమకే."

ఒక ఏనుగు దాటాం, ఇంకో ఏనుగు దాటాం. గడియారం ఐదు కొట్టింది. నేను ఆయాసపడుతూనే ఇంద్రాణికి ఫోన్ చేశాను.

"మేడం, సార్ తప్పిపోయిండు. నేను గూడ తప్పిపోయిన."

"నువ్వెట్ల తప్పిపోయినవ్? ఫోన్ల మాట్లాడుతున్నవ్ గద?"

"ఏడున్ననో నాకే సమజైతలేదు. టీచరమ్మ మమ్మల్ని దేవులాడనీకె పోయింది. జల్ది మా పేర్లు మైకుల చదివించు."

హోటళ్ళ వెనక, గ్యాస్ సిలిండర్లు దించే చోట టీచరమ్మ కనిపించారు. అక్కడొక పెద్ద మ్యాపు బోర్డుంది. ఆవిడ దాని మీద వేలు పెట్టి, చుట్టూ చూసి, మళ్ళీ వేలు పెట్టి వెతుకుతున్నారు. గాజుల సంచిని గుండెకి అదుముకున్నారు. మొహంలో నెత్తురు లేదు. మా అందరికీ దిక్కులు చూపించే మనిషిని అలా చూడటం నాకు చాలా కష్టమనిపించింది.

అంతలో నెత్తి మీద మైకు గరగరలాడింది. "కొత్తపేట నుంచి వచ్చిన సాంబమూర్తి గారు, తిరుపతి గారు ఎక్కడున్నా గడియార స్తంభం దగ్గరికి రావాలి. సూర్యప్రభ టీచర్ గారు మీకోసం వెతుకుతున్నారు."

టీచరమ్మ వేలు మ్యాపు మీద ఆగిపోయింది. నెమ్మదిగా భుజాలు సర్దుకున్నారు, కొంగు సర్దుకున్నారు. సరిగ్గా అప్పుడే సాంబమూర్తి గారు ఎదురెళ్ళారు.

"అమ్మయ్య, దొరికావా ప్రభా?"

"ఇన్ని ఊళ్ళు తిరిగారు, ఇంతోటి వీధుల్లో దారి తెలీదూ? నేను వెతక్కపోతే ఏమైపోయేవారు?"

"నువ్వున్నావుగా."

ఆవిడ నావైపు తిరిగారు. "పైగా మీకు తోడు ఇతనొకడు. తిరుపతీ, నువ్వు నా దగ్గర చదువుకోలేదు, అందుకే ఇలా తయారయ్యావు."

"అవును టీచరమ్మా," అన్నాను. నా జన్మలో తిట్లు తిని ఇంత సంతోషించింది లేదు. అన్నేళ్ళుగా ఊరందరి నవ్వులూ తన నెత్తికెత్తుకున్న ఆ పెద్దమనిషి మీద చెప్పలేనంత ప్రేమ పుట్టింది.

"ఇక మిమ్మల్ని నమ్మలేను. ఇద్దరూ చెరో చెయ్యి ఇవ్వండి," అన్నారు టీచరమ్మ.

ఇచ్చాం. మమ్మల్ని నడిపించుకుంటూ మలుపులో ఉన్న ఏనుగు దగ్గరికి తీసుకొచ్చారు. దుకాణాల కప్పుల మీదుగా గడియార స్తంభం కుడివైపు స్పష్టంగా కనబడుతోంది. సాంబమూర్తి గారు నావైపు చూశారు. నేను గడియారం మీంచి చూపు తిప్పుకున్నాను. బస్సు ఎలాగూ ఆగే ఉంటుంది, తప్పిపోయింది మేమే కదా.

ముగ్గురం ఎడమకి తిరిగాం.