వల కన్నుకు ఒక కొలత

తీరం నుంచి రెండు వందల నాటికల్ మైళ్ళు దాటితే సముద్రం ఏ దేశానిదీ కాదు. కిలోమీటర్లలో సుమారు మూడు వందల డెబ్బై. సర్వేయరుగా ఉద్యోగమంతా భూమి కొలిచిన నేను ఇలాంటి అంకెలనే నమ్ముతాను. బోధన్ టీ కొట్టులో పత్రికలో ఆ వార్త చదివి పక్కనున్న మిత్రుడికి వినిపించాను. గోదావరి మీది శ్రీరాంసాగర్ వెనుక జలాల్లో చేపలు పట్టేవారి సంఘానికి అతడు పెద్ద.

"ఎవ్వల్ది గాదంటే చేపలు ఎవ్వలు పడ్తుండ్రు సారూ?"

"పెద్ద ఓడలున్నవాళ్ళు. ఓడ ఏ దేశపు జెండా కట్టుకుంటే ఆ దేశపు చట్టమే దానికి."

"అయితే చట్టం పట్టించుకోని దేశం జెండా కట్టుకుంటరు."

సరిగ్గా అదే జరుగుతోందని వార్త చివర రాసి ఉంది.

అతని సంఘంలో ఒక ఆచారం ఉండేది. వానాకాలపు వేట నిషేధం ముగిసి వలలు నీట దిగే ముందు, పెద్ద తన నాలుగు వేళ్ళు చేర్చి ప్రతి వల కన్నులోనూ దూర్చి చూస్తాడు. దూరని వల ఆ ఏడాదంతా ఒడ్డున కట్టెల మీదే ఎండాలి. చేప పిల్లలు తప్పించుకుని పెరగడానికి ఆ ఏర్పాటు. వేళ్ళు కొలత కావని నేను అభ్యంతరం చెప్పాను. పాత పెద్దకు మోటు వేళ్ళు, ఇతనికి సన్నవి. మనిషి మారినప్పుడల్లా చట్టమూ మారింది. అందుకని ఒకే వెడల్పు గల రెండు టేకు చెక్కలు చేయించి, స్టీలు స్కేలుతో సరిచూశాను. ఒకటి మా ఒడ్డుకు, ఒకటి ఎదుటి మహారాష్ట్ర ఒడ్డుకు. నీరు ఒక్కటే గనుక కొలతా ఒక్కటే ఉండాలి. అవతలి వారు మర్యాదగా టీ పోసి, "బరాబర్" అని చెక్క తీసుకున్నారు.

మా ఒడ్డున చెక్క దూరని వలలన్నీ కట్టెలెక్కాయి. పెద్ద తన సొంత తమ్ముడి వలను కూడా తీయించాడు.

"అన్నా, నా పిల్లలు సుత చేప పిల్లల లెక్క వల కన్నుల దూరి బతకాల్నా?" అని తమ్ముడు ఎత్తిపొడిచాడు. చుట్టూ ఉన్నవారు నవ్వారు. ఈసారి బొచ్చె చేపలు పెరగకపోతే పెద్దరికం పోతుందని, సన్నకన్ను వలలు తిరిగి దిగుతాయని పెద్దకు తెలుసు.

దసరా దాటినా వలల్లో బొచ్చె కనబడలేదు. పెద్దా నేనూ తెప్ప మీద అవతలికి వెళ్ళాం. వేలెడంత చేప పిల్లలు ఇసుక మీద కుప్పలుగా ఎండుతున్నాయి. చేపలు కొనే బేరగాడి కాంటా బల్ల ఊగకుండా దాని కాలి కింద నా టేకు చెక్క పెట్టి ఉంది. కాస్త దూరంలో సన్నవల దులుపుతున్నవాడు నా మిత్రుడి తమ్ముడే. సంఘంలోని మరి కొందరు కూడా అక్కడి చుట్టాల తెప్పల మీద ఉన్నారు.

"గిది గీ ఒడ్డు నీళ్ళన్నా. నీ చెక్క ఆ ఒడ్డుకే," అన్నాడు తమ్ముడు తలెత్తకుండా.

"నీళ్ళ మీద గీత గీసి ఉన్నదారా?"

"సారును అడుగు. కొలిసేటోడు ఆయననే గదా."

సరిహద్దు రాళ్ళెక్కడున్నాయో నాకు తెలుసు. ఎండాకాలంలో నీరు తగ్గినప్పుడు వాటి మధ్య గొలుసు పట్టి కొలిచాను. చేయి చాపి దిక్కు చూపించాను. చూపినచోట నిండు నీరు తప్ప ఏమీ లేదు. తమ్ముడు అటు చూడనైనా లేదు.

తిరిగి వచ్చిన మర్నాడే కట్టెల మీది వలలన్నీ పెద్ద విప్పించాడు.

"నేను ఆపితే మనోళ్ళే ఆ ఒడ్డుకు వొయిండ్రు సారూ. గీడ పట్టుకోనిస్తే గీడనన్న ఉంటరు," అని నా చెక్క నా చేతిలో పెట్టాడు.

మరుసటి ఏడు అతడు బోధన్ మార్కెట్లో కనిపించాడు. శ్రీరాంసాగర్ చేపలు కాదు, ఆంధ్ర చెరువుల నుంచి ఐసు పెట్టెల్లో వచ్చిన చేపలు అమ్ముతున్నాడు. సముద్రం సంగతి మళ్ళీ అడగలేదు. నాకొక రవ్వ చేపను తూచి సంచిలో వేశాడు. తూకం సరిగ్గానే ఉంది.